అద్దం ఎవరి కోసం?

పోయిన ఎండాకాలం మా పెద్దబాపు ఇంట్లో కూచుని, ఆయన ఫోన్లో ఒక మ్యూజియం వెబ్‌సైటు విన్నాను. చూశాను అనడం లేదు, గమనించండి. పెద్దబాపు నల్గొండ జిల్లాలో సర్కారు బడుల్లో ముప్ఫై ఏళ్లు డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత నీటికాసులు ఆయన చూపును అంచుల నుంచి మధ్యకు తినుకుంటూ వచ్చాయి. ఇప్పుడు కిటికీ ఎటు పక్కనుందో తెలుస్తుంది, అంతే. ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టుకుంటాడు. వేలు ఎక్కడ ఆనితే అక్కడున్నదాన్ని అది పైకి చదువుతుంది.

సముద్రాల అవతలున్న ఓ పెద్ద మ్యూజియం అది. పేరు అనవసరం, అలాంటి సైట్లు చాలా ఉన్నాయి. హోం పేజీ మీద ఆయన వేలు కదులుతుంటే ఫోను ఇలా చదువుకుంటూ పోయింది: "ఇమేజ్. ఐఎంజీ అండర్‌స్కోర్ నాలుగు నాలుగు ఏడు ఒకటి. ఇమేజ్. బటన్. బటన్. లర్న్ మోర్, లింక్. లర్న్ మోర్, లింక్. ఇమేజ్."

కాసేపు విని పెద్దబాపు నవ్వాడు. "ఏం బిడ్డా, ఇది మ్యూజియమా, గోదామా?"

ఆయన సరదాకే అన్నాడు గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. గోదాములోనూ వస్తువులుంటాయి, వాటికి నంబర్లుంటాయి. ఈ వస్తువు దగ్గర ఆగు, దీన్ని ఈ పక్క నుంచి చూడు అని ఎవరో ఒకరు చెప్పడం మొదలుపెట్టాకే అది మ్యూజియం అవుతుంది. ఆ వెబ్‌సైటు నాకు ఆ మాట చెప్తోంది. పెద్ద పెద్ద బొమ్మలతో, వెలుగుతో, ఖాళీ జాగాతో చెప్తోంది. పక్కనే కూచున్న పెద్దబాపుకు మాత్రం నంబర్లు చదివి వినిపిస్తోంది.

పుస్తకాల గురించి మాట్లాడుకునే చోట వెబ్‌సైట్ల గొడవ ఎందుకని మీరు అడగొచ్చు. మ్యూజియం వెబ్‌సైటు కూడా ఒక రచనే అని నా వాదన. అందులో చాలామంది కంట పడని భాగం ఒకటుంది: బొమ్మ వెనక దాచి రాసే రెండు మూడు వాక్యాలు. ఆల్ట్ టెక్స్ట్ అంటారు దాన్ని. చూపున్నవాళ్లకు కనబడదు. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు బొమ్మంటే ఆ వాక్యాలే. మనం దాన్ని ఐటీ వాళ్ల పని అనుకుని వదిలేశాం. బొమ్మను చూసి, అందులో ఏది ముఖ్యమో తేల్చుకుని, మాటల్లో పెట్టే పనిని మన దగ్గర విమర్శ అంటాం కదా.

*

నియమాల సంగతి ముందు క్లుప్తంగా చెప్పేస్తాను. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూత్రీసీ 1999లో మొదటిసారి అందుబాటు సూత్రాలు విడుదల చేసింది. 2008లో వాటిని తిరగరాసింది, 2023లో తాజా రూపం వచ్చింది. వాటి సారం నాలుగు మాటలు: పేజీలో ఉన్నది ఏదో ఒక ఇంద్రియానికి అందాలి, ఏదో ఒక రకంగా నడపడానికి వీలవ్వాలి, అర్థం కావాలి, ఎవరి పరికరంలోనైనా పనిచెయ్యాలి. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. అక్షరాలను రెండింతలు చేసినా పేజీ చెదరకూడదు. మౌస్ లేకుండా కీబోర్డుతోనే అన్నీ తెరుచుకోవాలి. వీడియోలో మాటలు అక్షరాల్లోనూ కనబడాలి. తమంతట తామే ఐదు సెకన్లకు మించి కదిలే బొమ్మలను ఆపే వీలుండాలి.

ఇవన్నీ చూపు లేనివాళ్ల కోసమే అనుకుంటే పొరపాటు. వీడియోలో అక్షరాలు వినపడని అమ్మాయికి కావాలి, నిద్రపోతున్న పిల్లాడి పక్కన సౌండు తగ్గించి చూసే తల్లికీ కావాలి. ముదురు అక్షరాలు ఎండలో బస్టాపులో ఫోను చూసేవాడికి కావాలి. బూడిద రంగు గోడ మీద లేత బూడిద అక్షరాలు పెట్టి నాజూకు అనుకునే డిజైనరు కూడా ఏదో ఒక రోజు చత్వారం అద్దాలు వెతుక్కుంటాడు.

మన దేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సమాచారమూ అందుబాటులో ఉండాలనే చెప్తుంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, యాసిడ్ దాడికి గురైనవాళ్లకు ఆన్‌లైన్ కేవైసీలో ఎదురవుతున్న ఇబ్బందుల కేసులో, డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమని తీర్పిచ్చింది. కాబట్టి ఇది ఎవరో దయతలచి చేసే పని కాదు. ఆ చర్చ ముగిసింది.

కానీ ఈ నియమాలన్నీ ఒక గడప దగ్గర ఆగిపోతాయి. బొమ్మ చేసే పనిని మాట కూడా చెయ్యాలి అంటాయి. ఏ మాట అన్నది చెప్పవు, చెప్పలేవు. ఒక సైటు ప్రతి బొమ్మ వెనకా "శిల్పం" అని రాసేసి ఊరుకుంటే, తనిఖీ చేసే సాఫ్ట్‌వేరు దానికి పాస్ మార్కులు వేసేస్తుంది. పెద్దబాపుకు "నాలుగు నాలుగు ఏడు ఒకటి" బదులు "శిల్పం, శిల్పం, శిల్పం" వినబడుతుంది. గోదాము కాస్త సర్దినట్టుంటుంది.

*

పెద్దబాపు సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఏటా పిల్లలను బస్సెక్కించి సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకొచ్చేవాడు. హైదరాబాద్‌లో పెరిగిన ఎవరినైనా అడగండి, అక్కడ మూడు చోట్ల జనం పోగవుతారని చెప్తారు. గంట గంటకూ ఒక చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ఒకటి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన, ముసుగులో మొహం కనబడే రెబెకా పాలరాతి బొమ్మ రెండోది. మూడోది మెఫిస్టోఫిలిస్, మార్గరెటాల చెక్కబొమ్మ. గోథే ఫౌస్ట్‌లో ఒకడు సైతాను, ఇంకొకామె వాడి కారణంగా నాశనమైన అమ్మాయి. ఇద్దరినీ ఒకే మొద్దులో వీపూ వీపూ కలిపి చెక్కారు. మనకు ఎదురుగా వాడు నిలబడి ఉంటాడు. ఆమె వెనకవైపు ఉంటుంది. మనకు ఆమె కనబడాలని బొమ్మ వెనక పెద్ద అద్దం పెట్టారు.

ఆ అద్దం గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. అది శిల్పంలో భాగం కాదు, మ్యూజియం చేసిన ఏర్పాటు. నిలబడ్డ చోటు నుంచి వెనక పక్కను చూడలేని కళ్ల కోసం, అంటే నా కళ్లలాంటి మామూలు కళ్ల కోసం, చేసిన సదుపాయం. దాన్ని ఎవరూ ప్రత్యేక సౌకర్యం అనరు. రాతిబొమ్మ మీద పడే దీపం, పక్కన అతికించిన వివరాల చీటీ, మెట్లెక్కలేని రోజు లిఫ్టు, ఇవన్నీ అలాంటివే. మ్యూజియం అంటేనే చూపున్నవాళ్ల చూపుకు తోడు చేసిన ఏర్పాట్ల పోగు. వాటి మధ్య తిరుగుతూ మనమేదో సొంత కళ్లతోనే చూశామనుకుంటాం. పెద్దబాపు అడిగేది ఇంకొక అద్దం. అది మాటలతో చేసినదై ఉండాలి, అంతే తేడా.

మాటలతో బొమ్మ కట్టడం మనకు కొత్తా అంటే కాదు. ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనలని లెక్కపెట్టి మరీ రాసుకున్నాం. తర్వాత వాటిని అతి అని వెక్కిరించుకున్నాం, అందులోనూ న్యాయముంది. ఆ తర్వాతి కాలంలో రేడియో వచ్చింది. ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం వినని ఇల్లు మా పెద్దబాపు తరంలో తక్కువ. సినిమా మొత్తాన్ని కోసి, మాటలూ పాటలూ మాత్రం వినిపించేవాళ్లు. టాకీసుకు పోలేని వాళ్లంతా సినిమాను చెవులతో చూశారు. దాన్ని ఎవరూ వికలాంగుల కార్యక్రమం అనలేదు. ఆ పేరు చూడండి, శబ్దచిత్రం! ఆల్ట్ టెక్స్ట్‌కు తెలుగు మాట వెతుక్కునేవాళ్లకు నా తరఫున ఒక సూచన.

*

వర్ణన ఎలా ఉండాలన్న దాని మీద బయట గట్టి చర్చే నడిచింది. అందులో మూడు ప్రయత్నాల గురించి నా అభిప్రాయం చెప్తాను.

షికాగోలోని మ్యూజియం ఆఫ్ కాంటెంపరరీ ఆర్ట్ గత దశాబ్దం మధ్యలో కయోటీ అనే ప్రాజెక్టు చేపట్టింది. తన సైట్లోని బొమ్మలకు వర్ణనలు రాసుకోవడానికి, సరిచూసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేరు తయారు చేయించుకుని, ఇతరులూ వాడుకునేలా బయటపెట్టింది. చూపు లేని కంప్యూటర్ నిపుణుడు సీనా బహ్రామ్ ఆ పనిలో ముఖ్యుడు. వర్ణన రాయడం ఏ ఒక్కరి తీరిక వేళ పనో కాకుండా, మ్యూజియం రోజువారీ పనుల్లో ఒకటి కావాలన్నది ఇందులో నాకు నచ్చిన ఆలోచన. చిన్న వర్ణన, పెద్ద వర్ణన విడివిడిగా ఉండాలన్నది ఇంకొకటి. టికెట్టు కొనుక్కోవడానికి వచ్చినవాడికి ఒక్క వాక్యం చాలు. బొమ్మ దగ్గర ఆగాలనుకున్నవాడికి పేరా కావాలి.

రెండోది షానన్ ఫినిగన్, బొయానా కోక్‌లియాట్ అనే ఇద్దరు కళాకారులు నడుపుతున్న 'ఆల్ట్ టెక్స్ట్ యాజ్ పొయెట్రీ'. వర్ణనను నిబంధన కోసం నింపే గడిలా చూడకండి, కవి భాషను పట్టించుకున్నంతగా పట్టించుకోండి, తక్కువ మాటల్లో చెప్పండి, ప్రయోగాలు చెయ్యండి అంటారు. నాకు ఇష్టమైన ఆలోచనే. కాకపోతే ఒక భయం ఉంది. కవిత్వం అనగానే మనలో కొందరికి పూనకం వస్తుంది. బొమ్మలో కుర్చీ ఉంటే "శూన్యాన్ని ఒడిలో కూర్చోబెట్టుకున్న నిరీక్షణ" అని రాసేవాళ్లు నాకు కనీసం ఐదుగురు తెలుసు. వినేవాడికి అక్కడ కుర్చీ ఉందన్న సంగతే తెలియదు. వర్ణన రాసేవాడు తనను తాను చూపించుకోవడం మొదలుపెడితే అద్దానికి పూలదండ వేసినట్టే.

మూడోది జార్జీనా క్లీగ్ 2018లో రాసిన 'మోర్ దాన్ మీట్స్ ది ఐ'. క్లీగ్ తల్లిదండ్రులు ఇద్దరూ కళాకారులు. ఆమె పదకొండేళ్లప్పటి నుంచి చట్టం లెక్కలో అంధురాలు, ఇంగ్లీషు ప్రొఫెసరుగా పనిచేసింది. వ్యాఖ్యానం వద్దు, కనబడింది మాత్రమే చెప్పు అని వర్ణనకారులకు నేర్పే కట్టుబాటును ఆమె గట్టిగా ప్రశ్నిస్తుంది. పైకి అది వినేవాళ్ల పట్ల గౌరవంలా ఉంటుంది: నేను చెప్తాను, అర్థం నువ్వే తీసుకో అన్నట్టు. కానీ చూపున్నవాళ్లు మ్యూజియంలో అలా చూస్తారా? పక్కవాడితో మాట్లాడుతూ, గైడు చెప్పింది వింటూ, చీటీ చదువుతూ, వాదించుకుంటూ చూస్తారు. ఆ సందడంతా తీసేసి, పొడిగా కొలతలు చెప్పి, ఇదే నీ వాటా అనడం ఏం మర్యాద?

ఈ పుస్తకం చదివాక నేను పూర్తిగా క్లీగ్ పక్షమైపోయాను. నిఖార్సైన తటస్థ వర్ణన అన్నది లేదని నిర్ణయించుకున్నాను. ముందు ఏది చెప్తాం, దేన్ని వదిలేస్తాం అన్నప్పుడే మన అభిప్రాయం బయటపడిపోతుంది. ఫొటోలో మనిషి ఆడా మగా, ఒంటి రంగేమిటి చెప్పాలా వద్దా అన్నది ఈ పని చేసే ప్రతివాళ్లకూ ఎదురయ్యే చిక్కు. చెప్తే ఒక తంటా, నల్లవాళ్ల దగ్గర మాత్రం చెప్పి తెల్లవాళ్ల దగ్గర ఊరుకుంటే ఇంకా పెద్ద తంటా. ఇది ఏ సాఫ్ట్‌వేరూ తేల్చలేదు. ఇంత ధీమాతో సాలార్‌జంగ్‌కు వెళ్లి, ఆ చెక్కబొమ్మను ఫొటో తీసుకుని, దానికి నేనే ఒక వర్ణన రాసి పెద్దబాపుకు వినిపించాను.

*

నా మొదటి వాక్యం ఇలా ఉంది: "పొగరుగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్, వెనక అద్దంలో విచారంగా మార్గరెటా."

"విచారమని నువ్వే జెప్పినంక ఇగ నేనేం జూడాలె?" అన్నాడు పెద్దబాపు. "మెడ ఎంత వంగిందో జెప్పు. చేతుల ఏమున్నదో జెప్పు. విచారమా, సిగ్గా, భక్తా, అది నేను జూస్కుంట."

క్లీగ్‌ను చదివి వచ్చిన నాకు ఇది ఎదురుదెబ్బ. సరే, తటస్థంగానే రాద్దామని "పొగరుగా" కూడా కొట్టేసి, "తలెత్తి నిలబడ్డ పురుషుడు" అని మార్చాను. ఆయనకు అదీ నచ్చలేదు.

"వాడు పొగరుగ నిలవడ్డడు. ఆ మాట లేకుంటె వాడు ఎవడన్నట్టు? బస్సు కోసం నిలవడ్డోడా?"

"మరి ఆమెకు వద్దన్నావు కదా పెద్దబాపూ?"

"ఆమె సంగతి వేరు."

ఎలా వేరు అంటే ఆయన చెప్పలేదు. నాకు మెల్లగా తట్టింది. సైతాను మొహంలో దాపరికం లేదు, చెక్కినవాడే పొగరును పైకి కనబడేలా చెక్కాడు. ఆమె తల వంచుకుంది, లోపల ఏముందో చూసేవాళ్లు ఊహించుకోవాలి. ఒకచోట పేరు పెట్టి చెప్పాలి, ఒకచోట మెడ వంపు చెప్పి ఆగాలి. ఏ మార్గదర్శిలోనూ ఈ సంగతి నియమంగా రాయడం కుదరదు. బొమ్మ బొమ్మకూ కొత్తగా తేల్చుకోవాలి. క్లీగ్ మాట తప్పని నేననను. వ్యాఖ్యానం కావాలంటే ప్రతి విశేషణమూ కావాలని కాదని మాత్రం మా పెద్దబాపు దగ్గర నేర్చుకున్నాను.

తర్వాత ఆయన ఇంకో సంగతి చెప్పాడు. బడి పిల్లలను అక్కడికి తెచ్చినప్పుడు, "ముందుగాల అద్దంల జూడుండ్రి, ఆనెంక ఇటు రాండ్రి" అనేవాడట. ముందు సైతానును చూస్తే వాడే కథానాయకుడనుకుంటారు, ముందు ఆమెను చూస్తే వాడెవడో అర్థమవుతుంది అని ఆయన లెక్క. ముప్ఫై ఏళ్ల కింద నల్గొండ పిల్లలకు ఒక డ్రాయింగ్ మాస్టరు చేసిన విమర్శ అది. రెండు చిన్న వాక్యాల్లో.

అదే ఫొటోను పెద్దబాపు ఫోన్లో బొమ్మలు వివరించే యాప్‌కు ఇచ్చి చూశాం. ఫేస్‌బుక్ 2016లో మొదలుపెట్టిన "ఈ చిత్రంలో ఇద్దరు మనుషులు ఉండొచ్చు" అనే దశను ఈ యంత్రాలు ఎప్పుడో దాటేశాయి. చెక్క రంగు, బట్టల మడతలు, వెనక గోడ, అన్నీ బాగానే చెప్పింది. అద్దంలో ఉన్నామెను మాత్రం వెనక నిలబడ్డ ఇంకో విగ్రహం అంది. పెద్దబాపుకు యంత్రం మీద కోపం లేదు. రోజూ మందుల చీటీలు చదివిపెట్టేది అదే. మనుషులు రాసిపెట్టని చోట యంత్రమైనా ఉండటం నయం. కానీ మ్యూజియం చేతిలో ఆ బొమ్మ గురించి అన్నీ తెలిసిన మనుషులున్నారు. వాళ్లు రెండు వాక్యాలు రాయకుండా, యంత్రం ఊహించుకుంటుందిలే అనుకోవడం మాత్రం నాకు మింగుడుపడదు.

*

మ్యూజియాలను ఇంత అన్నాక మన ఇంట్లోకి చూసుకోవాలి. తెలుగులో కవితను పోస్టరు చేసి, జేపీజీగా పెట్టడం మనకు అలవాటు. లైకులు బాగా వస్తాయి. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు ఆ కవిత ఒక నంబరు. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ పుస్తకాలను ఆ రీడర్లు పిచ్చి అక్షరాలుగా చదువుతాయి. స్కాన్ చేసినవైతే అసలు చదవవు. పేజీ భాష తెలుగని కోడ్‌లో ఒక్క ముక్క రాయకపోతే, ఇంగ్లీషు గొంతు మన వాక్యాన్ని పట్టుకుని తంటాలు పడుతుంది. కథల పైన అందమైన బొమ్మలు వేయిస్తాం, చిత్రకారుడి పేరు వేస్తాం, బొమ్మలో ఏముందో ఒక్క వాక్యం రాయం. నా కథలకు వేసిన బొమ్మల్లో ఒక్కదానికీ వర్ణన లేదు. నేను ఏ ఎడిటరునూ అడగలేదు. అడగాలని తోచనే లేదు. చూపున్న పాఠకుడే పాఠకుడని నేనూ అనుకుంటూ వచ్చాను, అందరికంటే ముందు నా పాఠకుడైన మా పెద్దబాపు పక్కనే కూచుని ఉండగా.

కాబట్టి ఈ వ్యాసం చదివిన రచయితలకు నా మనవి ఒక్కటే. ఈసారి మీ కవితకు బొమ్మ వేసినప్పుడు దానికి రెండు వాక్యాలు రాయండి. మనం నిజంగా ఎంత చూశామో అప్పుడు బయటపడుతుంది. నాకు బయటపడింది.

మూడో సారి తిరగరాసి వినిపించిన వర్ణన ఇది: "ఒకే మొద్దులో వీపులు కలిపి చెక్కిన ఇద్దరు. వెనకున్న అద్దంలో మార్గరెటా: మెడ కిందికి వంగి ఉంది, చేతిలో ప్రార్థన పుస్తకం. అద్దం ముందు, మనవైపు మొహం పెట్టి, పొగరుగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్. ఒక్కచోట నిలబడి ఇద్దరినీ చూడాలంటే అద్దం కావాలి."

పెద్దబాపు రెండుసార్లు విన్నాడు. తలూపాడు. తర్వాత అడిగాడు: "అద్దంల మన మొహాలు గూడ పడ్తయి గద బిడ్డా? పిల్లలు ఆమెను జూడకుంట వాళ్ల మొహాలే జూస్కునేటోళ్లు. అది రాయలేదేంది?"

నిజమే. ఫొటోలో నేను పడకుండా పక్కకు జరిగి తీశాను.